తుడిచిన జవాబులు

జూలై 9

అక్కకు,

ఐదు రోజులుగా వాన వదలడం లేదు. ఎగువ నుంచి నీళ్లు మట్టిరంగులో వస్తున్నాయి. నిన్న లాకుల దగ్గర మూడు తలుపులు ఎత్తాం. రెండోదాని గొలుసు పట్టేసింది. మీ మరిదీ నేనూ గంటసేపు తిప్పితే గాని కదల్లేదు. అక్షరాలు వంకరగా ఉంటే ఆ గొలుసు వల్లే అనుకో. రోజుకు మూడుసార్లు గోడ మీది కొలబద్ద చూసి నీటిమట్టం రిజిస్టర్లో రాయడం, పడవ వస్తే తెరవడం, పోతే మూయడం, తలుపులకు పట్టిన నాచు గీకడం. ఇక్కడ కొత్తగా చెప్పడానికి ఏమీ ఉండదు.

ఈసారి ఒకటి ఉంది. మా పిడుగును హాస్టల్ మాన్పించేశాం. గట్టు మీది బడి మూతపడ్డాక పోయిన ఏడాది అక్కడ చేర్చామని నీకు తెలుసు. లెక్కలు రాలేదని పదకొండేళ్ల పిల్లను చిన్నపిల్లల వరసలో కూర్చోబెట్టారట. "బల్ల కింద నా మోకాళ్లు పట్టేవి కాదు" అంది. అంతకుమించి చెప్పదు. తిండి మానేసింది. సెలవులకు వచ్చినప్పుడు గౌను కొక్కేనికి తగిలించినట్టుంది ఒంటిమీద. పిడుగు అని పేరు పెట్టింది నువ్వే. ఇప్పుడు ఇంట్లో ఉందో లేదో కూడా తెలియదు.

విద్యాశాఖ ఆఫీసరు లాంచీలో వచ్చి కాగితం ఇచ్చి వెళ్లాడు. ఇంట్లోనే చదువు చెప్పుకోవచ్చట. మార్చిలో తనే వచ్చి ఆరో తరగతి పరీక్ష పెడతాడట. తప్పితే మళ్లీ హాస్టలే, మా ఇష్టంతో పనిలేదు. సంతకం నేనే పెట్టాను. "నువ్వు చెప్తావా చదువు?" అన్నాడు మీ మరిది. "నేను కాకపోతే ఆ గొలుసు చెప్తుందా?" అన్నాను.

నువ్వు పుస్తకాల మధ్యే బతుకుతావు. ఇళ్లలో చదువు చెప్పుకునేవాళ్లకు పనికొచ్చేవి ఏమేం ఉంటాయో, ఎక్కడ దొరుకుతాయో కనుక్కుని పంపు. ఫోను ఇక్కడ పలకదు. గురువారం లాంచీలోనే ఉత్తరాలు వస్తాయి, పోతాయి.

మళ్లీ అక్కడికి పంపితే పిల్ల మిగలదు. అంతే.

నీ చెల్లెలు


జూలై 24

చెల్లాయికి,

నీ ఉత్తరం తడిసి వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద పెట్టి చదివాను.

మా గ్రంథాలయం కింది గదిలో నేనూ, జిగురు వాసనా, చిరిగిన పుస్తకాలూ. కిటికీలోంచి జనం కాళ్లే కనబడతాయి. ఇరవై రెండేళ్లుగా చెప్పులు చూసి మనుషుల్ని గుర్తుపడుతున్నాను. మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కాల్సి వస్తే ముందు దాన్ని బతిమాలుకోవాలి.

నీకోసం ఎక్కాను. శనివారాలు పైన హాల్లో ఇంటి చదువుల వాళ్లు కలుస్తారు, పది పన్నెండు కుటుంబాలు. అడిగితే అందరూ ఒకేసారి చెప్పారు. ఒకావిడ రేడియో పాఠాలు పదిన్నరకు వస్తాయి అంది, వేళలు రాసిచ్చింది. బేకరీ ఆయన తన కొడుక్కి త్రాసుతోనే భిన్నాలు నేర్పాడట. దర్జీ భార్య అయితే "పుస్తకాలు కాదమ్మా, ముందు ఓపిక దొరికే చోటు చెప్పండి" అంది. నవ్వారు గాని ఎవరూ చెప్పలేదు.

పార్శిల్లో ఉన్నవి: గ్రంథాలయం తీసేసిన సైన్సు పుస్తకం, అట్ట నేనే కట్టాను. కథల పుస్తకాలు నాలుగు. సొట్ట పడిన గ్లోబు. ఐదో తరగతి లెక్కల అభ్యాస పుస్తకం. ఈ లెక్కల పుస్తకాలకు వెనక జవాబులు ఉండవు. అవి టీచర్ల పుస్తకంలో విడిగా వేస్తారు, అది మాదాకా రాదు. ఎవరో పిల్ల పెన్సిల్‌తో అన్నీ నింపేసింది. తుడవడానికి వ్యవధి లేక అలాగే పంపుతున్నాను. నా చేతి నుంచి మురికి పుస్తకం వెళ్లడం ఇదే మొదటిసారి, ఏమీ అనుకోకు.

లెక్కలంటే నాకు బెంగ లేదు. మన ఇంట్లో అవి వచ్చింది నీకే కదా.

అక్క


ఆగస్టు 27

అక్కకు,

వానలు తగ్గాయి. దిగువ పొలాలకు నీళ్లు వదులుతున్నాం. రైతులు వచ్చి నా తలుపు ముందంటే నా తలుపు ముందని మీ మరిది ప్రాణం తీస్తున్నారు.

పార్శిల్ చేరింది. రేడియోలో పదిన్నరకు గరగర తప్ప ఏమీ రాదు. పిడుగు దాని మీద చెవి పెట్టి "సారుకు జలుబు చేసింది" అంది. చాలా రోజులకు విన్న జోకు. గ్లోబును సొట్ట దగ్గర బొటనవేలితో పట్టుకుని తిప్పుతుంది, సొట్టలో ఏ దేశం పోయిందో చూడాలట.

అన్నిటికంటే ఆ లెక్కల పుస్తకం బాగుంది. చాలా బాగుంది. రోజుకు ఒక పేజీ చేయిస్తున్నాను. సగం అయింది. దొరికితే ఆరో తరగతివి కూడా అచ్చం అలాంటివే పంపు.

పన్నెండు గంటల రీడింగు వేళయింది.

చెల్లెలు


సెప్టెంబర్ 19

చెల్లాయికి,

చాలా సంతోషం. నీ ఉత్తరం శనివారం వాళ్లకు చదివి వినిపించాను. జలుబు చేసిన సారు మాటకు దర్జీ భార్య కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది.

ఆరో తరగతివి మూడు దొరికాయి. అవీ పెన్సిల్‌తో నిండిపోయి ఉన్నాయి. ఈసారి నా పద్ధతి తప్పలేదు. రోజూ పని అయ్యాక ఒక గంట కూర్చుని తుడిచాను. పదకొండు రోజులు పట్టింది. రబ్బర్లు రెండు అరిగాయి, కుడిచేతి బొటనవేలు వాచింది. వెలుతురుకు పట్టి చూసినా ఒక్క గీత కనబడదు. పిల్లకు కొత్త పుస్తకంలా ఉండాలి. ఒకరు నమిలినది ఇంకొకరు ఎందుకు తినాలి?

ఇంకొకటి. ఒక రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ఇళ్లలో చదివే పిల్లలు చేసిన లెక్కలు పంపితే దిద్ది పోస్టులో తిరిగి పంపుతారు. అందుకని అందరూ ఆయన్ను పోస్టుమాస్టారు అంటారు. చిరునామా వెనక రాశాను. పిల్ల చేసిన ప్రతి పేజీ పంపు.

ఎంతవరకు వచ్చిందో ప్రతి ఉత్తరంలో రాయి. శనివారం వాళ్లు అడుగుతారు.

అక్క


అక్టోబర్ 15

అక్కకు,

మూడు పుస్తకాలూ చేరాయి. శుభ్రంగా ఉన్నాయి.

ఇక పంపకు. ఇక్కడ పెద్దగా పనికిరావడం లేదు. పిల్ల లెక్కల జోలికి రావడం లేదు. కాలువకు నీళ్లు ఆపారు, తలుపుల మరమ్మతు మొదలైంది, పదిమందికి మూడు పూటలా వంట నాదే. మా చదువు గురించి శనివారాలు నలుగురికీ చదివి వినిపించకు.

చెల్లెలు


అక్టోబర్ 30

చెల్లాయికి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆఖరి వాక్యం తర్వాత ఇంకేమన్నా ఉంటుందేమోనని కాగితం తిరగేసి కూడా చూశాను.

నేనేం గొప్పలు చెప్పుకోలేదు. పదకొండు రోజులు చేశానంటే చేశాను. ఆ పుస్తకాలు దొరకని ఇద్దరు తల్లులను ఇక్కడ నేను తప్పించుకుని తిరగాల్సి వచ్చింది, నీకిచ్చి వాళ్లకు ఇవ్వలేదని. ఎందుకు పనికిరావో ఒక్క మాట రాస్తే తెలిసేది. పిల్ల వినడం లేదా? కూర్చోబెట్టు. పని ఎక్కువైందా? నాకూ ఉంది పని.

అడిగిందీ నువ్వే, వద్దన్నదీ నువ్వే. మొదలుపెట్టింది పూర్తి చేయడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటు లేదు. మార్చికి ఐదు నెలలు కూడా లేవు. ఆ పిల్ల మోకాళ్లు బల్ల కింద పట్టలేదన్న మాట నాకు నిద్రపట్టనివ్వడం లేదు. నీకు పడుతోందా?

అక్క


నవంబర్ 19

అక్కకు,

మంచు మొదలైంది. మరమ్మతు వాళ్లు వెళ్లిపోయారు. ఇల్లంతా సిమెంటు దుమ్ము. పొయ్యి ముందు కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నాకు లెక్కలు రావు. ఆరో తరగతి దాకా వచ్చాయి. అవీ ముప్పై ఏళ్ల కిందటి మాట, ఇప్పుడు కూడికలూ తీసివేతలూ మిగిలాయి. భిన్నాలు చూస్తే ఒకదాని మీద ఒకటి ఎక్కిన మనుషుల్లా కనబడతాయి. నువ్వు పంపిన మొదటి పుస్తకంలో ఆ పిల్లెవరో పెన్సిల్‌తో రాసిన జవాబులు ఉన్నాయి చూడు, నేను చదువు చెప్పింది వాటితోనే. పుస్తకం నా ఒళ్లో దాచుకుని లెక్క పైకి చదివేదాన్ని. పిల్ల నోటుబుక్కులో చేసి చూపేది. నా దగ్గరున్నదానితో కలిస్తే ఒప్పు, లేకపోతే తప్పు. మీ మరిది కూడా నాకు చాలా వచ్చనుకున్నాడు. పుస్తకం బాగుందని నేను రాసింది అందుకే. అచ్చం అలాంటివే అంటే పెన్సిల్ గీతలు ఉన్నవని. అది రాయలేకపోయాను. నువ్వు రెండు రబ్బర్లు అరగదీశావు.

ఆ పుస్తకాలు రాకముందే ఇంకొకటి జరిగింది. ఒక లెక్క ఉంది: తొట్టిలో నాలుగింట మూడు వంతుల నీళ్లున్నాయి, అందులో సగం వాడారు, తొట్టిలో ఎంత మిగిలింది? పిడుగు ఎనిమిదింట మూడు వంతులు అంది. పుస్తకంలో పెన్సిల్‌తో నాలుగింట ఒకటి అని ఉంది. "తప్పు" అన్నాను. "కాదమ్మా" అంది. మళ్లీ చేయమన్నాను. మళ్లీ అదే. మూడోసారి బొమ్మ గీసి, మన కొలబద్దలా గీతలు పెట్టి, "చూడు, నీళ్లు ఇక్కడుంటే సగం ఇక్కడికి కదా" అంది. పొద్దుట్నుంచీ తలుపుల దగ్గర ఉన్నాను, నడుం విరిగిపోతోంది. "పుస్తకం కంటే నీకెక్కువ తెలుసా?" అని చెంప మీద కొట్టాను. ఏడవలేదు. నోటుబుక్కు మూసేసింది. "హాస్టల్లో టీచరు కూడా అంతే" అంది. అప్పట్నుంచీ లెక్కలు ముట్టలేదు.

నీ పోస్టుమాస్టారికి ఆ ఒక్క లెక్క, ఆ రెండు జవాబులూ రాసి పంపాను. పోయిన గురువారం ఆయన కార్డు వచ్చింది. పిల్ల చెప్పిందే ఒప్పు. "రెండో జవాబు ఎవరిదో గాని వారికి ఈ పాఠం మళ్లీ చెప్పవలసి ఉంటుంది" అని కింద రాశారు. పద్నాలుగేళ్లుగా నీళ్ల దగ్గర ఉన్నాను. నీళ్లను చూడకుండా పెన్సిల్‌ను నమ్మాను.

కార్డు పిల్లకు చూపించాను. చదివి, గ్లోబు కింద పెట్టుకుంది.

నేను పూర్తి చేయనిది ఏమిటో, ఎందుకు పూర్తి చేయలేదో నీకు తెలుసు. ఆ మాట నువ్వు రాయకుండా ఉండాల్సింది.

చెల్లెలు


డిసెంబర్ 19

చెల్లాయికి,

అమ్మ మంచాన పడ్డ ఏడాది నువ్వు ఏడో తరగతి, నేను పదో తరగతి. ఎవరో ఒకరు ఇంటిపట్టున ఉండాలి అన్నాడు నాన్న. అన్నం తింటూ అన్నాడు, ఎవరివంకా చూడలేదు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. మర్నాడు నువ్వు బడికి తయారవలేదు. నేను అడగలేదు. నిన్ను ఉండమనీ అడగలేదు, నేను ఉండనా అనీ అడగలేదు. ఇన్నేళ్లలో ఒకసారి కూడా ఆ మాట ఎత్తలేదు. లెక్కలు నీకే వచ్చు అంటూ ఉంటే సరిపోతుందనుకున్నాను కాబోలు.

దీంతో వచ్చే లావు నోటుబుక్కు నీకు. పిల్లకు కాదు. నువ్వు పనికిరావన్న ఆ మూడు పుస్తకాల్లో ఉన్నవే, మాస్టారి దగ్గర ప్రతులు అరువు తెప్పించుకుని, మొదటి సగం, నేను ఒక్కో లెక్కా మెట్టు మెట్టుగా చేసి రాశాను. నేనూ మర్చిపోయాను, మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. శనివారం బేకరీ ఆయన పక్కన కూర్చుని త్రాసు పట్టుకున్నాను. మాస్టారికి పంపి దిద్దించాను, ఎర్రసిరా ఎక్కడెక్కడ ఉందో చూసి నవ్వుకో. పదమూడో పేజీ అంతా ఎరుపే. మిగతా సగం వచ్చే నెల.

జవాబులు పెన్సిల్‌తోనే రాశాను. తుడవాలంటే నువ్వే తుడుచుకో.

పిల్ల కంటే ఒక్క అధ్యాయం ముందుంటే చాలట. దర్జీ భార్య చెప్పింది. వాళ్లందరూ అంతేనట.

అక్క


జనవరి 21

అక్కకు,

నీటిమట్టం బాగా పడిపోయింది. పొద్దున్నే పొగమంచుకు కొలబద్ద కనబడదు, టార్చి వేసి చూడాలి.

నోటుబుక్కు చూసి ముందు కోపమొచ్చింది. రెండు రోజులు ట్రంకుపెట్టె మీద పడేశాను. తర్వాత ఐదింటికి లేచి, ఆరింటి రీడింగు దాకా గంటసేపు కూర్చోవడం మొదలుపెట్టాను. మొదటి వారం ఒక్క పేజీ. నీ అక్షరాలు గుండ్రంగా ఉంటాయి గనక సరిపోయింది.

పదో రోజున పిడుగు లేచి నీళ్లు తాగడానికి వచ్చింది. దాచుకునేలోపే చూసింది. "ఏం చేస్తున్నావమ్మా?" అంది. "నీకు చెప్పడానికి నేర్చుకుంటున్నాను. నాకు రావు" అన్నాను. పిల్ల పక్కన కూర్చుని పేజీ లాక్కుంది. "పెద్దమ్మ ఇక్కడ దశాంశ బిందువు ఒక గడి పక్కకు పెట్టింది" అంది. పద్దెనిమిదో పేజీ, మూడో లెక్క. మాస్టారు కూడా చూడలేదు. నీకు చెప్పమంది, నవ్వుతూ.

ఇప్పుడు ఇద్దరం ఐదింటికి లేస్తున్నాం. దశాంశాలు తనే నాకు చెబుతోంది, కొలబద్ద చూపించి. రిజిస్టర్లో పద్నాలుగేళ్లుగా రెండు పాయింటు మూడు ఐదు అని రాస్తున్నాను, ఆ చివరి ఐదు ఏమిటో ఇప్పుడు తెలిసింది. నేను తప్పు చేస్తే "బల్ల కింద మోకాళ్లు పడుతున్నాయా?" అంటుంది. మీ మరిది "ఎవరు ఎవరికి చెబుతున్నారు?" అంటాడు. "నీకెందుకు, టీ పెట్టు" అంటుంది పిల్ల. పెడుతున్నాడు.

ఆఫీసరు మార్చి పన్నెండున వస్తానని కబురు.

చెల్లెలు


మార్చి 18

అక్కకు,

ఎండలు ముదురుతున్నాయి. ఆఫీసరు చెప్పిన రోజే వచ్చాడు. లాంచీ దిగుతూ బురదలో జారి ప్యాంటు ఒక కాలు తడుపుకున్నాడు, అలాగే మూడు గంటలు కూర్చున్నాడు పాపం. నేను తలుపుల దగ్గరకు వెళ్లి చేసిన పనే మళ్లీ చేశాను.

లెక్కల్లో యాభైకి నలభై ఆరు. భాషలో ముప్పై ఒకటి, కథలు చదువుతుంది గాని రాయమంటే రెండు ముక్కల్లో తేలుస్తుంది. సైన్సు ముప్పై ఎనిమిది. పాసు. ఏడో తరగతికి ఇంట్లోనే ఉంచుకోవచ్చని సంతకం పెట్టి ఇచ్చాడు. "ఎవరు చెప్పారు పిల్లకు?" అని అడిగాడు. "మా పెద్దమ్మ, మా అమ్మ, ఒక పోస్టుమాస్టారు" అంది పిడుగు. ఆయన అదే రాసుకున్నాడు.

వెళ్తూ ఉంటే ఆయన వెనకే గట్టు దాకా నడిచి ఏదో అడిగింది. ఏమిటని నేను అడగలేదు.

చెల్లెలు


మార్చి 31

చెల్లాయికి,

కాగితం పట్టుకుని మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కేశాను. దిగేటప్పుడు తెలిసింది మోకాలు సంగతి.

ఏడో తరగతి పుస్తకాలు అప్పుడే వెదకడం మొదలుపెట్టాను. లెక్కలు దొరికాయి, దీంతో పంపుతున్నాను. ఈసారి పెన్సిల్ గీతలు ఉన్నవాటినే ఏరాను. ఏవి తప్పో మీరిద్దరూ కనిపెట్టండి. సూక్ష్మదర్శిని ఒకటి బేకరీ ఆయన అరువిస్తానన్నాడు. కొత్తగా వచ్చిన రెండు కుటుంబాల వాళ్లు నీ చిరునామా అడిగారు. ఎలా మొదలుపెట్టాలో నువ్వైతే చెప్పగలవని అన్నాను. ఇవ్వమంటావా? ఇంకో ఐదేళ్లు ఇలాగే లాగేయవచ్చు, పిల్ల నీ కళ్ల ముందే ఉంటుంది.

ఆఫీసరును ఏమడిగిందో అడుగు.

అక్క


జూన్ 17

అక్కకు,

వాన ఇంకా రాలేదు. గాలి మాత్రం పడమటి నుంచి తిరిగింది. నిన్న గొలుసులకు గ్రీసు పెట్టాం. మీ మరిది ఎడమచేయి చితికింది, పెద్దదేం కాదు.

నువ్వు అడగమన్నది ఏప్రిల్‌లో అడిగాను. లెక్కల్లో పాసైన వాళ్లను హాస్టల్లో వాళ్ల ఈడు వాళ్ల వరసలోనే కూర్చోబెడతారా అని అడిగిందట ఆఫీసరును. కూర్చోబెడతారు అన్నాడట. "అయితే వెళ్తానమ్మా" అంది. ఇక్కడే ఉండొచ్చని కాగితం ఉంది కదా అన్నాను. "ఉంది. అయినా వెళ్తాను" అంది. "అక్కడ తిండి మానేశావు" అన్నాను. "అప్పుడు లెక్కలు రావు" అంది. రెండు నెలలు వాదించాను. మీ మరిది ట్రంకుపెట్టెకు కొత్త తాళం బిగించాడు. ఎప్పుడు తినాలనిపించకపోయినా ఉత్తరం రాస్తానని మాట తీసుకున్నాను. రాస్తే అదే రోజు వచ్చి తీసుకొస్తానని చెప్పాను.

గ్లోబు తీసుకెళ్లింది. మాస్టారి కార్డు కూడా. సూక్ష్మదర్శిని ఆ కొత్త కుటుంబాలకు ఇప్పించు. చిరునామా ఇవ్వు, రాస్తే జవాబు రాస్తాను.

ఏడో తరగతి లెక్కల పుస్తకం వెనక్కి పంపడం లేదు. రెండో అధ్యాయంలో ఉన్నాను. పెన్సిల్ పిల్ల ఇప్పటికి నాలుగు తప్పులు చేసింది. నోటుబుక్కు మిగతా సగంలాగే దీనికీ ఒకటి రాయగలిగితే రాయి. ఐదింటికి మెలకువ వచ్చేస్తోంది ఎలాగూ.

ఆ రోజు ఆరింటి రీడింగు తనే తీసింది. ఒకటి పాయింటు తొమ్మిది సున్నా. రిజిస్టర్లో తన చేత్తో రాసింది.

పిల్ల పదకొండో తేదీ గురువారం, ఉదయం ఎనిమిదింటి లాంచీలో వెళ్లింది.

చెల్లెలు